పేరు పడని కాగు

యుద్ధం అయిపోయిందని ఊరంతా ఏడాది కిందటే సంబరాలు చేసుకుంది గాని, కరీమున్నీసా లెక్కలో అది ఆ సోమవారం పొద్దున అయిపోయింది. ఆమె మొగుడు ఖాదర్ వలి స్టేషన్ నుంచి ఒంటెద్దు బండిలో రాగి రేకు చుట్ట తెచ్చి పెరట్లో దించి, పైన కప్పిన గోనెపట్టా లాగేశాడు. ఎండ పడేసరికి పెరడంతా ఎర్రగా వెలిగింది. రాగి అన్న మాట వినడమే గాని కళ్ళజూసి ఎన్నేళ్ళయిందో! సర్కారువారు రాగినంతా యుద్ధానికి పట్టుకుపోయాక, నరసరావుపేట బజార్లో గిన్నెలు చేసేవాళ్ళందరూ మాట్లు వేసేవాళ్ళుగా మిగిలారు. చిల్లుపడ్డ బిందెకు అతుకు వెయ్యడం, ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టడం, అంతకు మించి ఖాదర్ వలి సుత్తికి పనే లేకుండా పోయింది.

కరీమున్నీసా చెయ్యి కొంగుకు తుడుచుకుని రేకు మీద అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా, నున్నగా ఉంది.

"ఏం చేస్తావు దీంతో?" అంది.

"కాగు," అన్నాడు ఖాదర్ వలి.

అంతే. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. ఒక్క అంగలో వసారాలోకి వెళ్ళి, నిండు చూలాలైన కూతురు జమీలా పక్కన చతికిలబడి, "కాగేనంటే! కొత్త కాగు!" అంది. జమీలా మొదట నమ్మలేదు. తరవాత తల్లీ కూతుళ్ళిద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

అంత సంబరం ఎందుకో తెలియాలంటే ఆ ఇంట్లో నీళ్ళు కాచే పాత కాగును చూడాలి. పెరటి మూలన మట్టిపొయ్యిలో మెడ దాకా కూరుకుపోయి ఉంటుంది. కరీమున్నీసా కాపురానికి రాకముందే ఆమె మామ జాన్ సాహెబ్ తన చేత్తో కొట్టి చేసిన కాగు. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా ఆయన పేరు ఉంటుంది. యుద్ధంలో రాగికి గిరాకీ వచ్చినప్పుడు వీధిలో వాళ్ళందరూ తమ కాగులు అమ్ముకుని మట్టికుండల్లోకి దిగారు. ఖాదర్ వలి మాత్రం తండ్రి చేతి పని అమ్మలేదు. దాంతో వీధిలో ఎవరింట్లో కాన్పయినా, ఎవరికి జ్వరం తగ్గి నీళ్ళు పోసుకోవాలన్నా బిందె పట్టుకుని ఈ పెరటికే రావాలి.

పల్నాటి బావుల నీళ్ళలో సున్నం ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు కాగి కాగి, కాగు లోపల తెల్లటి పెచ్చు కట్టింది. చెయ్యి పెడితే గోడ తడిమినట్టుండేది. నీళ్ళు ఒక పట్టాన కాగవు. పత్తికట్టె మోపులకు మోపులు మింగేసి, అప్పటికి ఒక మాదిరి వెచ్చబడతాయి. ముందు మొగుడు పోసుకోవాలి, తరవాత కూతురు, తరవాత ఎవరైనా చుట్టాలుంటే చుట్టాలు, ఆ తరవాత వీధివాళ్ళ బిందెలు. అందరి వంతూ అయ్యాక అడుగున మిగిలిన చల్లారిన నీళ్ళు కరీమున్నీసావి. తెల్లవారకముందే లేచి నీళ్ళు తోడి, కట్టెలు ఎగదోసి, పొగకు కళ్ళు నలుపుకునేది ఆమె. వేణ్ణీళ్ళు ఒంటి మీద పడని మనిషీ ఆమే. ఇది అన్యాయమని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఆమెకైనా ఈ మధ్య దాకా తట్టలేదు.

పోయిన చలికాలంలో జమీలా అత్తగారు ఖదీజా క్రోసూరు నుంచి వచ్చింది. స్నానం చేసి బయటికి వస్తూ, వేలి మీద ఒక తెల్లటి పెచ్చు పెట్టుకుని చూపించింది. "ఏం వదినా, మీ ఇంట నీళ్ళు పోసుకుంటే ఒంటికి సున్నం కూడా కొడతారా?" అని నవ్వింది. ఆమె సరదాకే అంది. ఆ నవ్వు కరీమున్నీసాకు ఏడాదిగా గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు జమీలా కాన్పుకు ఆ ఖదీజాయే వస్తుంది. వచ్చేసరికి పెరట్లో కొత్త కాగు తళతళలాడుతూ ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి?

మధ్యాహ్నానికల్లా ఎదురింటి షహనాజ్‌కి చెప్పేసింది. మంత్రసాని హజ్రా బీ అటుగా పోతుంటే పిలిచి మరీ చెప్పింది. సాయంత్రం అన్నం పెడుతూ మొగుణ్ణి అడిగింది.

"ఎప్పటికవుద్ది?"

"గురువారానికి అవగొట్టాలి. శుక్రవారం హనుమయ్యగారి కోటేశ్వరమ్మ మనుషుల్ని పంపిద్ది."

కరీమున్నీసా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "కోటేశ్వరమ్మకెందుకు?"

"వాళ్ళ కాగే గదా. ఎవరిదనుకున్నావు?"

వీధంతా చాటింపు వేసుకున్నందుకు ఆమెకు ముందు సిగ్గేసింది, ఆ వెనకాలే కోపం వచ్చింది.

"మరి మనది?"

"మనదానికేమైంది? నీళ్ళు కాగట్లా?"

"కాగుతున్నాయా అవి? రంజాను పోనీ అన్నావు, యుద్ధం పోనీ అన్నావు. అన్నీ పోయినయి, నా ఒంట్లో ఓపిక కూడా పోయింది. ఇంకేం పోవాలి?"

"ఏమే, బుద్ధుండే మాట్లాడుతున్నావా? పొయ్యి పగలగొడితే గాని ఆ కాగు బయటికి రాదు. చూలాలున్న ఇంట్లో పొయ్యి పగలగొడతారంటే? అడుగు, ఆ హజ్రా ఖాలానే అడుగు. కాన్పు కానీ, తరవాత చూద్దాం."

కడుపుతో ఉన్న ఆడపిల్ల ఇంట్లో ఉండగా పొయ్యి మీద పలుగు పడకూడదన్నది ఆ వీధిలో తురకలూ, హిందువులూ అందరూ ఒక్కలాగే పాటించే సంగతి. కానీ "తరవాత చూద్దాం" అన్న మాట ఉంది చూశారూ, పెళ్ళాం నోరు మూయించడానికి మొగుళ్ళకు అంతకంటే తేలికైన మాట ఇంకోటి దొరకలేదు. ఖాదర్ వలి చెయ్యి కడుక్కుని లేస్తూ మరో మాట కూడా అన్నాడు.

"లోపల ఆ తెల్లపెచ్చు గీకమాక. ఇనపడిందా? దాని జోలికి పోమాక."

ఎందుకో చెప్పలేదు. పిసినారితనం అనుకుంది ఆమె. గీకితే చింతపండు ఖర్చవుతుందని కాబోలు!

మర్నాటి నుంచి పెరట్లో సుత్తి చప్పుడే చప్పుడు. ఖాదర్ వలి రేకును దాగలి ఇనపదిమ్మ మీద వాల్చి, ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో కొడుతూ ఉంటే మొండి రేకు కాస్తా నెమ్మదిగా బొజ్జ తేలుతూ వచ్చింది. కొలిమిలో కాల్చడం, నీళ్ళలో ముంచడం, మళ్ళీ కొట్టడం. ఇన్నేళ్ళ తరవాత చేతినిండా పని దొరికిన ఆనందం ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది, నోట్లో ఏదో ఖవ్వాలీ ముక్క కూడా మెదులుతోంది. కరీమున్నీసా ఆ వంక చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకుని, నీళ్ళకు వెళ్తూ ఒకసారి, కట్టెలకు వెళ్తూ ఒకసారి, పనేమీ లేకుండా ఒకసారి చూసింది. అందమైన కాగు. పరాయివాళ్ళది కాబోతున్నందుకు ఇంకా అందంగా కనిపించింది.

బుధవారం పొద్దున కోటేశ్వరమ్మ స్వయంగా వచ్చింది. బజారులో హనుమయ్యది కిరాణా కొట్టు. కోటేశ్వరమ్మ నోట మంచి పనివాడు అనిపించుకుంటే కోమట్ల వీధి మొత్తం ఆ పనివాడి ఇంటికి నడిచొస్తుంది, కాదనిపించుకుంటే ఒక్కరూ తొంగిచూడరు. లావుపాటి మనిషి, గడపలోనే నిలబడి, కాగును అక్కడికే తెప్పించుకుని, పిడికిలి ముడిచి కణుపులతో కాగు బొజ్జ మీద కొట్టి, చెవి పెట్టి విన్నది.

"మోత బాగుంది ఖాదరూ. రేకే కాస్త పల్చన."

"ఇప్పుడొచ్చే రేకు ఇంతేనమ్మా. యుద్ధం ముందరి మందం యాడొచ్చుద్ది?"

"పేరెప్పుడు కొడతావు? మా ఆయన పేరు. గుణింతం తప్పు రానియ్యమాక."

"పేరు ఆఖర్నమ్మా. రేపు ఎడ్లపాడులో పెళ్ళివారి గిన్నెలకు కళాయి పెట్టాల. ఇయ్యాళ పోయి రేపు సందేళకు వస్తా. శుక్రవారం పొద్దున్నే పేరు కొట్టి ఒప్పజెప్తా."

ఆ బజారులో అదొక కట్టుబాటు. పేరు పడిందంటే కొత్త గిన్నెకు సుత్తి పని ముగిసినట్టే. పేరు పడేదాకా ఆ గిన్నె ఎవరు చేయించుకున్నా, చేసినవాడిదే. దొంగ ఎత్తుకుపోయినా, సొట్ట పడినా నష్టం వాడిదే.

ఖాదర్ వలి కాగుకు గోనెపట్టా కప్పి, సరంజామా సంచీలో వేసుకుని, బస్సుకు వెళ్ళిపోయాడు. శుక్రవారం ఖదీజా వస్తోందని కూడా అదే పూట కబురొచ్చింది.

ఇక కరీమున్నీసా ఆగలేకపోయింది. కొత్తది లేకపోతే పోయె, ఉన్నదాన్నయినా మనుషులు చూసేట్టు చేద్దామని నడుం బిగించింది. చింతపండు నానబోసింది. ఇటుక నూరింది. కాగు ఖాళీ చేసి, విరిగిన అట్లకాడ ఒకటి పుచ్చుకుని, తల లోపలికి దూర్చి గీకడం మొదలుపెట్టింది. పెచ్చు మొదట కదల్లేదు. ఒకచోట అంచు దొరికేసరికి అరచేయంత పెళ్ళ ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద ఎర్రటి రాగి! ఇన్నేళ్ళ కాపురంలో ఆ కాగు లోపలి రంగు చూడ్డం ఆమెకు అదే మొదలు.

"జమీలా! చూడవే, చూడు! ఎంత ఎర్రగుందో!"

జమీలా గుమ్మం పట్టుకుని నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "అమ్మీ, నీ మొహమంతా సున్నమే. ఎవరన్నా చూస్తే దయ్యమనుకుంటారు."

గీకిన కొద్దీ హుషారు పెరిగింది. పెళ్ళలు పెళ్ళలుగా గంపెడు సున్నం తీసింది. చింతపండూ ఇటుకపొడీ వేసి తోమితే లోపల అద్దమైపోయింది. భుజాలు పడిపోతున్నా ఆమె పాట పాడుకుంటూనే తోమింది. నీళ్ళు పోసి నింపి, తన మొహం అందులో చూసుకుని, సాయంత్రం కట్టెలు ముట్టించింది.

ఎప్పుడూ లేనిది అప్పుడే నీళ్ళలో చిన్న చిన్న బుడగలు లేచాయి. "చూశావా, మీ నాన్నకేం తెలుసు!" అనబోయింది. పొయ్యిలోంచి బుస్సుమని చప్పుడొచ్చింది. తరవాత ఇంకో బుస్సు. మంట చప్పున ఆరి, బూడిద, నీళ్ళు, ఆవిరి కలిసి పొయ్యి నోట్లోంచి నల్లగా కారుకుంటూ వచ్చి ఆమె పాదాలు తడిపాయి. వంగి కాగులోకి చూసింది. అడుగున జల్లెడలాగా చిల్లులు. వాటిలోంచి పొయ్యిలో ఆరీ ఆరని నిప్పు కనిపిస్తోంది.

బంకమట్టి కూరింది, గుడ్డ నొక్కింది. ఏదీ నిలవలేదు. "దాని జోలికి పోమాక" అన్న మాట చెవుల్లో మోగుతుంటే అక్కడే కూలబడిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు. భయమేసింది. ఇంకో పది రోజులుందిలే కాన్పుకు, ఈలోపు ఏదో ఒకటి చేస్తాడులే అని మనసుకు సర్దిచెప్పుకుంది.

కాన్పులు మన లెక్కలు చూసుకుని రావు. గురువారం పొద్దెక్కకుండానే జమీలాకు నొప్పులు మొదలయ్యాయి. హజ్రా బీ వచ్చి, పిల్లను పరీక్షగా చూసి, బయటికొచ్చి గొంతు తగ్గించింది.

"తొలిచూలు. పిల్ల బిగుసుకుపోయింది. నడుం మీద ధారగా వేణ్ణీళ్ళు పడాల, ఆగకుండా పడాల. ఆనక బిడ్డకీ, తల్లికీ కావాల. కాగు నిండా కాచు కరీమూ."

"కాగు పోయింది ఖాలా."

"పోవడమేందే?"

చూపించింది. హజ్రా బీ నోటి మీద చెయ్యి వేసుకుంది. వంటపొయ్యి మీద డేగిసాతో కాచి తెస్తే, ఆ నీళ్ళు ఒక్క పోతకే అయిపోయాయి. రెండోది కాగేలోపు జమీలా అరుపు పెడబొబ్బయింది. షహనాజ్ వీధిలో మట్టికుండల ఇళ్ళకు పరుగెత్తి రెండు చెంబులు తెచ్చింది. అవి దారిలోనే చల్లారాయి.

"ఇట్టా చెంబులతో కాదే!" అని లోపల్నించి కేకేసింది హజ్రా బీ.

కరీమున్నీసా పెరట్లో నిలబడి గోనెపట్టా వంక చూసింది. దాని కింద ఏముందో చూడకుండానే తెలుస్తోంది. అది కోటేశ్వరమ్మ కాగు. రేపు పొద్దున ఒప్పజెప్పాల్సిన కాగు. ఒక్క చుక్క నీళ్ళు పడని, ఒక్క మసి మరక అంటని కాగు. ఇందులో పురిటినీళ్ళు కాచారని తెలిస్తే ఆ ఇంట్లో ఎవరు ముట్టుకుంటారు? ఇన్నేళ్ళకు వచ్చిన తొలి పని చేతిలో మట్టికొట్టుకుపోతుంది. రేపటి నుంచి కోమట్ల వీధిలో ఖాదర్ వలి మొహం చూసేవాడుండడు. మళ్ళీ మాట్లు, మళ్ళీ చిల్లు బిందెలు.

లోపల్నించి జమీలా "అమ్మీ" అంది. అరుపు కూడా కాదు, ఓపికలేని పిలుపు.

కరీమున్నీసా గోనెపట్టా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"షహనాజ్! రావే, చెయ్యెయ్యి!"

"అయ్యో ఒదినా, అది..."

"నాకు తెలుసు. పట్టు."

ఇద్దరూ మోసుకొచ్చి, పెరటి మధ్యలో మూడు రాళ్ళు పేర్చి, వాటి మీద నిలబెట్టారు. పాత పొయ్యి మీద పలుగు పడలేదు, ఆ కట్టుబాటు తప్పలేదు. కరీమున్నీసా బిస్మిల్లా అని మొదటి బిందె వంచింది. కొత్త రాగిలో నీళ్ళు పడిన చప్పుడు గుడి గంటంత స్పష్టంగా మోగింది. కట్టెలు ముట్టించింది. చూస్తుండగానే ఆ ఎర్రటి బొజ్జ నల్లబడుతూ వచ్చింది. అది చూసి గుండె ఝల్లుమనాల్సింది. కాని, సంగతేమిటంటే, ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మోపు కట్టె పూర్తిగా కాలనే లేదు, నీళ్ళు సలసలా మరుగుతున్నాయి!

"అప్పుడే కాగినయ్యా?" అంది షహనాజ్, కళ్ళు పెద్దవి చేసుకుని.

"కాగినయే! మరిగిపోతున్నయే!"

ఇక తోడటమే తోడటం. షహనాజ్ లోపలికి, ఆమె కాగు దగ్గరికి, కాగు నుంచి బావికి. వావిలాకు వేసిన నీళ్ళ వాసన ఇల్లంతా నిండింది. నడుం మీద ధార ఆగకుండా పడుతుంటే జమీలా ఒళ్ళు సడలింది. ఎండ వాలే వేళకు లోపల్నించి ఒక సన్నటి కీచుగొంతు వినిపించింది. కరీమున్నీసా చేతిలో చెంబు వదిలేసి పరుగెత్తింది.

"ఆడపిల్ల!" అంది హజ్రా బీ. "తల్లి గండం గడిచింది. నీ కాగు పుణ్యమే."

తన కాగు కాదని చెప్పబోయి, చెప్పకుండా కరీమున్నీసా వెక్కి వెక్కి ఏడ్చింది. అంత సంతోషం ఆమె ఎరగదు. తరవాత షహనాజ్ ఆమెను బలవంతంగా తడిక చాటుకు లాక్కుపోయి, "మసిబొగ్గులాగున్నావు, కాస్త పోసుకో," అని బక్కెట్టు పెట్టింది. ఆ నీళ్ళలో చన్నీళ్ళు కలపాల్సి వచ్చింది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు కలుపుకోవడం ఆ ఇంట్లో ఆమెకు అదే మొదటిసారి. మొదటి చెంబు వీపున పడగానే కళ్ళు మూసుకుంది.

సందెవేళ ఖాదర్ వలి వచ్చాడు. పెరట్లోకి అడుగు పెట్టి, మూడు రాళ్ళ మీద నల్లగా కూచున్న కాగును చూసి ఆగిపోయాడు. కరీమున్నీసా తడి జుట్టుతో ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేనే ఎక్కించా. జమీలాకు నొప్పులొచ్చినయి. నువ్వు ఊళ్ళో లేవు. మనవరాలు పుట్టింది."

ఆయన పాత పొయ్యి దగ్గరికి వెళ్ళి కాగులోకి వంగి చూశాడు.

"గీకావా?"

"గీకా."

"వద్దన్నానా?"

"వద్దన్నావు. ఎందుకో చెప్పావా?"

ఖాదర్ వలి పొయ్యి గట్టు మీద కూచున్నాడు. "ఆ అడుగున రాగి ఎప్పుడో తినేసింది. మూడేళ్ళుగా ఆ సున్నమే నీళ్ళాపుతోంది. చిల్లుల్లో మిగిలిందేదో సెగ తగలగానే ఊడుంటది. మాటు వేద్దామంటే పట్టుకోడానికి రాగి ఉంటేగా!"

"ఆ మాట నోరిప్పి చెప్తే ఏం పోద్ది?"

"ఏమని చెప్పేది? ఊరందరి బిందెలూ బాగుచేసేవాడు తన తండ్రి చేసిన కాగుకు అడుగెయ్యలేకపోయాడని చెప్పనా? నీ ముందర?"

కరీమున్నీసాకు ఒళ్ళు మండింది. ఈ మొగాడి పరువు కోసం మూడేళ్ళు తను పొగ తాగింది! అదే క్షణంలో ఆ వంగిన మెడను చూస్తే జాలి కూడా వేసింది. రెండూ నిజమే. లోపల్నించి హజ్రా బీ "అజాఁ చెప్పాల, తాతేడీ?" అని పిలిచింది. ఖాదర్ వలి లేచి, కొత్త కాగులోంచి ఒక చెంబు వేణ్ణీళ్ళు ముంచుకుని, మసీ కళాయీ అంటిన చేతులను శుభ్రంగా కడుక్కుని లోపలికి వెళ్ళాడు. పుట్టిన బిడ్డ మొదట వినాల్సిన ఆ నమాజు పిలుపును పసిదాని చెవిలో మెల్లగా చెప్పాడు.

శుక్రవారం పొద్దున కోటేశ్వరమ్మ కూలివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఖాదర్ వలి ముందుకు రాబోతుంటే కరీమున్నీసా చెయ్యి అడ్డం పెట్టి తనే గడప దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, తప్పు నాది. ఆయనది కాదు. నీ కాగులో పురిటినీళ్ళు కాచాను."

కోటేశ్వరమ్మ ఆమె వంకా, కాగు వంకా, తలుపు సందులోంచి వినిపిస్తున్న పసిదాని ఏడుపు వంకా చూసింది.

"ఏం బిడ్డ?"

"ఆడపిల్ల."

"తల్లి?"

"బాగుంది."

కోటేశ్వరమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, "ఇంటికి పోయి ఎటూ నెత్తిన పోసుకోవాల్సిందే," అని గొణుక్కుంటూ పెరట్లోకి దిగింది. కాగు చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ దగ్గర వంగి చూసింది.

"పేరు కొట్టావా ఖాదరూ?"

"ఇంకా లేదమ్మా."

"పేరు పడని కాగు నాదెట్టా అవుద్దే, కరీమూ? అది మీదే. దానికింత గడగడలాడతావేంది?"

కోటేశ్వరమ్మ అప్పటికే పాత పొయ్యి దగ్గరికి చేరి, లోపలికి తొంగిచూసి, పైకి కనిపించే కాగు మెడను బొటనవేలితో చూపుడువేలితో నొక్కి చూస్తోంది. కిరాణా కొట్టు ఇంటి మనిషి, సరుకు ఎక్కడున్నా చెయ్యి అటే పోతుంది.

"ఇదీ రాగంటే! యుద్ధం ముందరిది. ఎంత మందముందో! దీని అడుగొక్కటేగా పోయింది?"

"అవునమ్మా. పక్కలు వజ్రాలు," అన్నాడు ఖాదర్ వలి, ఇంకా అర్థంకాకుండానే.

"మిగిలిన రేకుతో దీనికి కొత్త అడుగెయ్యి. నాకిదే కావాల. కొలిమిలో కాలి వచ్చిందంటే మైలంతా పోయినట్టే, మా అత్తగారికి కూడా వంక దొరకదు. ఆ పల్చటి దాన్ని మీరుంచుకోండి."

ఖాదర్ వలి తండ్రి పేరున్న ఆ మెడను వేళ్ళతో తడిమాడు. "పాత పేరు సుత్తితో అణిచేస్తా," అన్నాడు మెల్లగా.

"ఎందుకయ్యా? ఉండనీ. జాన్ సాహెబ్ చేతి పనని తెలిస్తేనేగా నలుగురూ చూసేది! పక్కన కొత్త పేరు కొట్టు." కోటేశ్వరమ్మ గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మా ఆయన పేరొద్దులే. నాది కొట్టు. ఆయనేనాడన్నా పొయ్యిలో పుల్ల పెట్టాడా?"

కోటేశ్వరమ్మ వెళ్ళిపోయింది. చిన్న ఇంటికి కొత్త కాగు, పెద్ద ఇంటికి పాత కాగు! కరీమున్నీసాకు లోపల్నించి నవ్వు తన్నుకొచ్చింది. గోడవార ఉన్న పలుగు తీసుకుంది.

"ఇటియ్యి, నేను కొడతా," అన్నాడు ఖాదర్ వలి.

"చూలాలు లేదుగా ఇంట్లో ఇప్పుడు?"

"లేదు."

"ఇంకేమన్నా పోవాల్సినయి ఉన్నాయా?"

"లేవే తల్లీ!"

"అయితే జరుగు," అని ఆమె పలుగెత్తి పొయ్యి గట్టు మీద వేసింది. ఏళ్ళ నాటి మట్టి, పొగచూరిన మట్టి, తను పండగ పండగకూ అలికిన మట్టి పెళ్ళలుగా విరిగిపడింది. పాత కాగు పక్కకు ఒరిగింది. షహనాజ్ గోడ మీంచి చూసి చప్పట్లు కొట్టింది.

ఖాదర్ వలి పాత కాగును దుకాణం వైపు దొర్లించి, కొత్తదాని మసి తోమి, కొత్త పొయ్యిలో కూర్చోబెట్టే ముందు మెడ మీద పేరు కొట్టడానికి చిన్న ఉలి తీసుకుని కూచున్నాడు. కరీమున్నీసా లోపల జమీలా పక్కన కూచుని పసిదాని అరికాళ్ళకు నూనె రాస్తోంది. ఖదీజా వచ్చే వేళయింది. పెరట్లో టక్ టక్ మని మొదలైంది. ఆమెకు చదువు రాదు గాని, ఆ చప్పుడు వచ్చు. ఆ ఇంట్లో పాత కాగు తప్ప, చెంబు నుంచి తాంబాళం దాకా ప్రతి దాని మీదా ఉన్నది ఖాదర్ వలి పేరే, ప్రతిసారీ ఆమె వింటూనే ఉంది. చిన్న పేరు. మొదలైన కాసేపటికే అయిపోతుంది.

ఈసారి అయిపోవాల్సిన చోట చప్పుడు ఆగలేదు. టక్ టక్ మని సాగుతూనే ఉంది.

ఆమె చేతిలో నూనెగిన్నె కింద పెట్టింది. లేచి పెరటి గుమ్మంలోకి వచ్చింది. ఖాదర్ వలి తలెత్తలేదు. కాగు దొర్లకుండా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నాలుక కొస బయటపెట్టి, ఒక్కొక్క చుక్కే పొడుస్తున్నాడు. వేళ్ళతో ముందున్న చోటు కొలుచుకుని, మళ్ళీ ఉలి ఆనించాడు.

"ఇట్టా వచ్చి పట్టుకో, కదులుతోంది," అన్నాడు. "నీ పేరు ఇంత పొడుగని ఇన్నేళ్ళూ తెలవలేదే."

ఆమె వచ్చి ఎదురుగా కూచుని కాగును రెండు చేతులా పట్టుకుంది.